తొమ్మిది పేర్లు

చోడవరం బస్టాండు వెనక వీధిలో సఫూరా టైపు ఇన్‌స్టిట్యూట్ నడిపేది. ఇంగ్లీషు మిషన్లు ఆరు, తెలుగు మిషన్లు రెండు. అనకాపల్లిలో పుట్టింది, పెళ్లయి ఇక్కడికొచ్చింది. భర్త ఖలందర్ ఆర్టీసీ డ్రైవరు. పొద్దున్నే బస్సెక్కితే పొద్దుపోయాకే రావడం. ఇంట్లో ఒక్కతే కూర్చోలేక నేర్చిన టైపు ఆవిడకి బతుకుతెరువైంది. తెలుగు మిషన్ మీద ఆవిడంత వేగంగా కొట్టేవాళ్లు మా తాలూకా మొత్తంలో లేరు.

డ్రైవింగ్ లైసెన్సు కావాల్సినవాళ్లంతా దరఖాస్తు టైపు చేయించుకోవడానికి ఆవిడ దగ్గరికే వచ్చేవారు. ఆ దరఖాస్తులో బ్లడ్ గ్రూపు అని ఒక గడి ఉంటుంది. వచ్చేవాళ్లలో నూటికి తొంభైమందికి తమ గ్రూపేమిటో తెలియదు. సఫూరా వాళ్లని పక్కగదిలోని పరదేశి ల్యాబుకి పంపేది. పరదేశి వేలు గుచ్చి, గాజుపలక మీద మూడు చుక్కలు వేసి చూసి, చీటీ రాసిచ్చేవాడు. ఆవిడ ఆ గ్రూపు కొట్టి, దరఖాస్తు కార్బన్ కాపీ ఒకటి ఉంచుకునేది. ఎందుకు ఉంచుకునేదో అప్పట్లో ఆవిడకీ తెలియదు. కాగితం పారెయ్యలేని అలవాటు, అంతే.

1992లో ఒకరోజు ఎవరో ఆసుపత్రి నుంచి పరుగున వచ్చి, ఏబీ నెగటివ్ వాళ్లెవరైనా గుర్తున్నారా అని పరదేశిని అడిగారు. పరదేశికి ఒక్క పేరూ గుర్తు రాలేదు. గోడ అవతల నుంచి ఆ మాట విన్న సఫూరా కార్బన్ కాపీల కట్ట విప్పింది. పది నిమిషాల్లో రావికమతం వ్యాను డ్రైవరొకడు దొరికాడు. ఆ సాయంత్రమే ఆవిడ గ్రూపులవారీగా పేర్లు, ఊళ్లు రాయడం మొదలుపెట్టింది. రక్తం కావాలని ఎవరొచ్చినా ఆ గ్రూపు పేర్లు తెలుగు మిషన్ మీద చీటీగా కొట్టి చేతిలో పెట్టేది. రెండేళ్లు తిరిగేసరికి సఫూరమ్మ చీటీ అంటే చుట్టుపక్కల ఆసుపత్రులన్నిటికీ తెలిసిపోయింది.

1994 చివర్లో సెకండ్ హ్యాండ్ కంప్యూటరు కొన్నది. డిస్కు నూటఇరవై మెగాబైట్లది. రెండు నెలలు కూర్చుని కార్బన్ కాపీలన్నీ అందులోకి ఎక్కించింది. అయిపోయాక ఆ కాగితాలు, చేత్తో రాసుకున్న జాబితాతో సహా, వీధి చివర వేరుశనగకాయలమ్మే అతనికి ఇచ్చేసింది. పిల్లలకి కంప్యూటరు క్లాసులు, పెళ్లికార్డుల పని, తెలుగు అక్షరాల ఫైళ్లు, అన్నీ చేరి ఏడాది తిరక్కుండానే డిస్కు నిండిపోయింది. అప్పుడు ఆవిడ అక్క కొడుకు సొహైల్ విశాఖపట్నం నుంచి వచ్చాడు. అక్కడ కంప్యూటర్లు బాగుచేసే షాపులో పని అతనికి. కొత్త డిస్కు కొనక్కర్లేదని చెప్పి, ఉన్న డిస్కునే రెట్టింపు చేసే ప్రోగ్రాం ఒకటి వేశాడు. అదివరకు నూటఇరవై చూపించిన డిస్కు రెండువందల ఇరవై చూపించింది. వెళ్తూ వెళ్తూ ఒక మాట చెప్పాడు. ఇకనుంచి హెచ్ అని ఇంకో డ్రైవు కూడా కనిపిస్తుంది, దాని జోలికి వెళ్లొద్దు అని. ఆవిడ సరేనంది. ఎందుకని అడగలేదు, అతను చెప్పలేదు. బస్సుకి టైమైంది.

1997 ఫిబ్రవరిలో ఒక మంగళవారం, పొద్దున్న పదిగంటల బ్యాచి వెళ్లాక, పెళ్లికార్డు ఒకటి సేవ్ చెయ్యబోతే డిస్కులో చోటు లేదంది. మళ్లీనా అనుకుంది. పిల్లలకి పాఠం చెప్పే జిరాక్సు పుస్తకంలో, దాచిన ఫైళ్లని చూపించే కమాండు ఒకటి ఉంది. అది ఒక్కో డ్రైవు మీదా కొట్టి చూసింది. హెచ్ మీద కొట్టేసరికి మూడు చిన్న ఫైళ్ల పక్కన ఒక పెద్ద ఫైలు, నూటపది మెగాబైట్లు.

ఆవిడ ఎన్నడూ పెట్టని ఫైలు. పేరు చూస్తే అర్థం కాని పేరు. నూటఇరవైలో నూటపది అదే మింగేసి, పైకి కనిపించకుండా దాక్కుని కూర్చుంది. ఆ రోజుల్లో కంప్యూటరున్న ప్రతి ఇంట్లోనూ వైరస్ భయమే. నెల క్రితమే అనకాపల్లిలో ఒక సెంటరు మొత్తం వైరస్ వల్ల మూసేశారని విన్నది. ఇదే అయ్యుంటుందనుకుంది. చెరిపెయ్యబోతే కుదరదంది మిషను. మళ్లీ పుస్తకం తీసింది. ఆ ఫైలుకి మూడు రక్షణలున్నాయి. మూడూ ఒక్కటొక్కటిగా తీసేసింది. తర్వాత ఫైలుని చెరిపేసింది. మిషను ఆపి, మళ్లీ వేసింది.

మిషను తొందరగా లేచింది. ఖాళీ ఎంతుందో చూస్తే నూటపద్దెనిమిది మెగాబైట్లు. ఆవిడ సంతోషం పట్టలేక పక్కగదిలోని పరదేశిని కేకేసింది.

"చూడండి పరదేశి గారూ, ఎంత ఖాళీ వచ్చిందో. వైరస్సుని నేనే తీసేసేను."

పరదేశి చేతులు తుడుచుకుంటూ వచ్చి ఆవిడ కుర్చీ వెనక నిలబడ్డాడు. జాబితా తెరిచి చూపిద్దామని ఆవిడ ఆ ఫైలు పేరు కొట్టింది. అలాంటిది లేదంది మిషను. తప్పు కొట్టానేమో అనుకుని మళ్లీ కొట్టింది. లేదు. డిస్కులో ఏమేం ఉన్నాయో చూపించమంది. మూడు ఫైళ్లు కనిపించాయి. మిషను లేవడానికి కావాల్సిన మూడు ఫైళ్లు. ఇంకేమీ లేవు. పెళ్లికార్డుల్లేవు, పాఠాల్లేవు, తెలుగు అక్షరాల్లేవు.

"మరి పేర్లు?" అన్నాడు పరదేశి.

వీధిలో బస్సు హారను కొడుతూ వెళ్లింది. ఆ బస్సు వెళ్లడం ఆవిడ చూసింది గాని చప్పుడు మాత్రం వినపడలేదని తర్వాత చెప్పింది. పదకొండువందల నలభై పేర్లు. అయిదేళ్లు. పరదేశి గ్లాసుతో నీళ్లు తెచ్చి ఇస్తే పట్టుకుంది, తాగలేదు. చాలాసేపటికి అన్న మాట ఒకటే.

"నా చేత్తోనే తీసేను."

ఎస్టీడీ బూతుకెళ్లి సొహైల్‌కి ఫోన్ చేసింది. సంగతి విని అతను మొదట అడిగింది, దాని తర్వాత డిస్కు మీద ఏమైనా రాశావా అని. లేదంది. అయితే మిషను ఆపెయ్, ఒక్క అక్షరం కూడా సేవ్ చెయ్యకు, ఎవర్నీ ముట్టుకోనివ్వకు అన్నాడు. తను విజయనగరంలో పనిమీద ఉన్నాడు, శుక్రవారంగాని రాలేడు. ఆవిడ ఏడుపు ఆపుకుంటూ, అసలు నేను చేసిందేమిటిరా అని అడిగింది. అప్పుడు చెప్పాడు.

"నీకు సి అని కనిపించేది నిజం డిస్కు కాదు ఖాలా. అదొక ఫైలు. నీ పేర్లు, నీ కార్డులు, అన్నీ నొక్కి నొక్కి ఆ ఒక్క ఫైల్లో పెట్టి, దాన్నే డిస్కులాగ చూపిస్తది ఆ ప్రోగ్రాం. నువ్వు చెరిపింది వైరస్సుని కాదు. మొత్తం డిస్కుని."

ఖలందర్ ఆ రాత్రి ఇంటికొచ్చేసరికి పొయ్యి వెలగలేదు. సంగతి విని, తనే అన్నం వండాడు. ఆవిడ తినలేదు.

కంప్యూటరు మీద దుప్పటి కప్పింది. పిల్లలకి టైపు మిషన్లే ఇచ్చింది. బుధవారం గడిచింది. గురువారం పదకొండు గంటలప్పుడు ఒకామె గుమ్మంలో నిలబడింది. చీర కుచ్చెళ్లంతా బెల్లం మడ్డి, మోచేతుల దాకా ఎండిన రక్తం. పేరు చిన్నమ్మి, రావికమతం అవతలి ఊరు. ఆమె చెల్లెలు రాజ్యం గానుగలో చెరకు పెడుతుంటే కుడిచెయ్యి రోలర్లలోకి వెళ్లిపోయింది. విశాఖపట్నం ఆసుపత్రిలో పడేశారు. గ్రూపు బి నెగటివ్. సాయంత్రంలోగా ఇద్దరు కావాలన్నారు.

"మీ కాడ పేర్లుంటాయంట గదమ్మా. సీటీ కొట్టిచ్చీయండి, ఎల్లిపోతాను," అంది చిన్నమ్మి.

సఫూరా దుప్పటి కప్పిన కంప్యూటరు వైపు చూసింది. పేర్లు పోయాయని చెప్పాలి. చిన్నమ్మి అలా చూస్తూనే ఉంది. క్లాసులో ఎనిమిది మిషన్ల టకటకా ఒక్కటొక్కటిగా ఆగిపోయింది.

అప్పుడు సఫూరా లేచి తెలుగు మిషన్ దగ్గర కూర్చుంది. ఎందుకు కూర్చుందో తనకే తెలియదంది నాతో. కాగితం ఎక్కించి, ఎప్పుడూ కొట్టే పద్ధతిలోనే పైన బి నెగటివ్ అని కొట్టింది. కళ్లు మూసుకుంది. వేళ్లు కదిలాయి. ఒక పేరు, ఒక ఊరు. కిందికి జరిపింది. ఇంకో పేరు. మనసులో ఏ పేరూ లేదు. పైకి అనుకోబోతే ఆగిపోతున్నాయి. అనుకోకుండా ఉంటే వేళ్లు వాటంతటవి వెళ్తున్నాయి. అయిదు పేర్లు కొట్టాక ఆగిపోయాయి. ఇంకెంతసేపు కూర్చున్నా రాలేదు.

కళ్లు తెరిచి చదివింది. మొదటివాడు రెండేళ్ల క్రితం పోయాడని పరదేశి చెప్పాడు. రెండోవాడు సూరత్ వెళ్లిపోయాడు. మిగిలింది ముగ్గురు. రావికమతంలో ఒకరు, చీడికాడలో పెదబాబు, కె.కోటపాడులో ఒకరు. పరదేశి ల్యాబుకి తాళం వేసి, చిన్నమ్మిని స్కూటరు వెనక ఎక్కించుకుని బయలుదేరాడు. రావికమతం మనిషి దారిలోనే దొరికాడు. పెదబాబు చెరకు తోటలో ఉన్నాడు. సంగతి విని, కత్తి గట్టున పెట్టి, కాళ్లు కడుక్కుని వచ్చాడు. నాలుగున్నరకి ఇద్దరూ ఆసుపత్రిలో ఉన్నారు. రాజ్యం చెయ్యి మణికట్టు దాకా తీసేశారు. మనిషి బతికింది.

శుక్రవారం సొహైల్ వచ్చాడు. సంచిలోంచి ఫ్లాపీ ఒకటి తీసి, దాని మీంచే కంప్యూటరు లేపాడు. చెరిపిన ఫైలుని వెనక్కి తెచ్చే ప్రోగ్రాం కూడా ఆ ఫ్లాపీలోనే ఉంది. తెర మీద చెరిపిన ఫైలు పేరు వచ్చింది, మొదటి అక్షరం ఉండాల్సిన చోట ప్రశ్నార్థకంతో. చెరిపినప్పుడు మొదటి అక్షరం ఒక్కటే పోతుందని, మిగతాదంతా దాని మీద ఇంకేదైనా రాసేదాకా అలాగే పడి ఉంటుందని చెప్పాడు సొహైల్. ఆ అక్షరం కొట్టాడు. మిషను కాసేపు గరగరలాడింది. ఆపి మళ్లీ వేశాడు.

అన్నీ వచ్చాయి. పెళ్లికార్డులు, పాఠాలు, పదకొండువందల నలభై పేర్లు. పరదేశి చప్పట్లు కొట్టాడు. సఫూరా కొంగు నోటికి అడ్డం పెట్టుకుని కూర్చుంది. తర్వాత, నిన్న కొట్టిన చీటీ, పరదేశి వెనక్కి తెచ్చినది, తీసుకుని, తన వేళ్లు ఎంతవరకు గుర్తుపెట్టుకున్నాయో చూద్దామని బి నెగటివ్ పేర్లు తెరిచింది. తొమ్మిది ఉన్నాయి. చీటీలోని నాలుగు పేర్లు అందులో కనిపించాయి.

పెదబాబు లేడు.

మళ్లీ చదివింది. పైనుంచి కిందికి, కిందినుంచి పైకి. చీడికాడ అని ఊరు పేరు మీద వెతికించింది. పెద అనే మొదటి అక్షరాలతో వెతికించింది. పెదబాబు అనే మనిషి ఆ కంప్యూటర్లో లేడు. ఫైలు దెబ్బతిందేమోనని సొహైల్ పరీక్ష పెట్టి చూశాడు. ఎక్కడా దెబ్బలేదు.

"పోయింది ఇప్పుడు కాదు ఖాలా," అన్నాడు సొహైల్. "అసలు ఎక్కలేదు."

ఆదివారం ఆవిడ బస్సెక్కి చీడికాడ వెళ్లింది. పెదబాబు యాభై ఏళ్ల మనిషి. మంచం వాల్చి కూర్చోమన్నాడు. మీ పేరు నాకెలా తెలిసిందని అడిగితే నవ్వాడు.

"ట్రాక్టరు లైసెన్సుకి మీ కాడికే వచ్చేను గదమ్మా. నాలుగేళ్లయింది. మీరే మిసను మీద కొట్టినారు. ఆపైన ఓ పాలి చీటీ వస్తే రగతం కూడా ఇచ్చేను. మల్ల ఎవలూ పిలవనేదు. నా రగతం మంచిది కాదేటో అనుకున్నాను."

ఆవిడకి అప్పుడు అర్థమైంది. కార్బన్ కాపీలు పలచగా ఉంటాయి, తడికి ఒకదానికొకటి అతుక్కుంటాయి. ఎక్కించేటప్పుడు రెండు కాగితాలు ఒక్కటిగా తిరిగిపోయి ఉంటాయి. కంప్యూటరు రాకముందు రెండేళ్లు చీటీల మీద ఆ పేరు కొట్టింది గనక వేళ్లకి తెలుసు. కంప్యూటరుకి తెలియదు. అలా ఎన్ని తిరిగిపోయాయో ఇప్పుడు చెప్పగలిగేవాళ్లు లేరు. కాగితాలన్నీ వేరుశనగ పొట్లాలైపోయాయి.

తిరుగు బస్సులో కూర్చున్నాక ఆవిడకి ఇంకొకటి గుర్తొచ్చింది. 

కిందటేడు, ఇదే ఫిబ్రవరి. కె.కోటపాడు దగ్గర్నుంచి ఎర్రునాయుడనే రైతు వచ్చాడు. భార్య పైడితల్లికి ఆపరేషన్, బి నెగటివ్ కావాలన్నాడు. సఫూరా తెర మీది తొమ్మిది పేర్లూ చీటీ కొట్టి ఇచ్చింది. మర్నాడు అతను తిరిగొచ్చాడు. ఇద్దరు చనిపోయారు, ముగ్గురు ఊళ్లలో లేరు, మిగిలినవాళ్లలో ఒకడికి కామెర్లు, ఒకడు వారం క్రితమే ఇచ్చాడు, ఇద్దరు రామన్నారు. ఇంకెవరైనా ఉన్నారేమో చూడమ్మా అని బతిమాలాడు. ఆవిడ మళ్లీ తెర చూసింది. గట్టిగా, ఏ అనుమానమూ లేకుండా, ఇంకెవరూ లేరు బాబూ అని చెప్పింది. అతను దండం పెట్టి వెళ్లిపోయాడు. ఆ తర్వాత ఏమైందో ఆవిడ కనుక్కోలేదు.

ఫైలు చెరిపిన రోజు కన్నా ఇప్పుడే భయంగా ఉందని భర్తతో అంది. ఆ రోజు పేర్లు పోయాయని తెలుసు. అంతకుముందు రెండేళ్లూ అన్నీ ఉన్నాయనుకుని జనానికి జవాబు చెప్పింది. కనుక్కోవడం అనవసరం అన్నాడు ఖలందర్. తెలిసి ఏం చేస్తావు అన్నాడు. ఆవిడ వినలేదు. మర్నాడు పెదబాబుకి కబురు పంపి ఒక సంగతి అడిగించింది. తర్వాత కె.కోటపాడు బస్సెక్కింది.

ఎర్రునాయుడి ఇల్లు కనుక్కోవడం కష్టం కాలేదు. పశువులకి చొప్ప వేస్తున్నాడు. ఆవిడని గుర్తుపట్టి, రండమ్మా అన్నాడు. వసారా గోడకి పైడితల్లి ఫోటో, దండతో. ఆపరేషన్ జరగనే లేదు, చీటీ తెచ్చిన నాలుగోరోజే పోయిందని కోడలు చెప్పింది. సఫూరా నిలబడే చెప్పడం మొదలుపెట్టింది. కంప్యూటరు సంగతి, కాగితాలు అతుక్కున్న సంగతి, పెదబాబు సంగతి. ఎర్రునాయుడు చొప్పకట్ట పట్టుకునే విన్నాడు. ఎంతవరకు అర్థమైందో తెలియదు. ఆవిడ చెప్పడం అయిపోయాక ఒక్కటే అడిగాడు.

"ఆ మనిషి అప్పుడు ఊళ్లోనే ఉన్నాడా అమ్మా?"

అబద్ధం చెప్పొచ్చు. వేరే ఊరెళ్లాడనొచ్చు. బస్సులో వస్తున్నంతసేపూ ఆవిడ అదే ఆలోచించింది.

"ఉన్నాడు. అడిగించేను. ఆ నెలంతా చెరకు నరికిస్తా తోటలోనే ఉన్నాడంట."

ఎర్రునాయుడు తల ఊపాడు. చొప్పకట్ట ఎడ్ల ముందు వేసి, దొడ్లోకి వెళ్లిపోయాడు. ఆవిడ ఎంతసేపు నిలబడినా తిరిగి రాలేదు. కోడలు మంచినీళ్లు తెచ్చి ఇచ్చి, మావయ్య రాడులెండి, మీరెల్లండి అంది.

ఆ వేసవి నుంచి ఆదివారాలు ఆవిడకి ఊళ్లు తిరగడంతోనే సరిపోయింది. పరదేశి గాజుపలకల పెట్టె పట్టుకుని వెంట వెళ్లేవాడు. ఊళ్లో ఒకరి అరుగు మీద కూర్చుని, ఆ ఊరి పేర్లన్నీ పైకి చదివేది. ఎవరి పేరు రాలేదో చెప్పమనేది. చనిపోయినవాళ్లని కొట్టేసేది, వలస వెళ్లినవాళ్ల పక్కన ఊరు మార్చేది. ఆ ఏడాది ఆఖరుకి, ఒకప్పుడు తన దగ్గరే దరఖాస్తు కొట్టించుకుని కంప్యూటర్లోకి ఎక్కనివాళ్లు అరవై ఒక్కమంది తేలారు. అందులో ఖలందర్ ఒకడు. ఆవిడ టైపు చేసిన మొట్టమొదటి దరఖాస్తు అతని లైసెన్సు రెన్యువల్‌దే.

సొహైల్ ఆ రెట్టింపు ప్రోగ్రాం తీసేసి, పెద్ద డిస్కు వేశాడు. జాబితా మూడు ఫ్లాపీల్లో ఉండేది, ఒకటి ఇంట్లో, ఒకటి పరదేశి దగ్గర, ఒకటి ఖలందర్ డ్యూటీ సంచిలో. కాగితం మీద కూడా అచ్చు తీసి ఉంచేది. ఇంతకన్నా పెద్ద మార్పు ఆవిడ మాటలో వచ్చింది. రక్తం కోసం వచ్చినవాళ్లతో, ఇంకెవరూ లేరు అని మళ్లీ ఎప్పుడూ అనలేదు. నాకు తెలిసినవాళ్లు ఇంతమంది, తెలియనివాళ్లుంటారు, ఊళ్లో అడగండి అనేది.

కె.కోటపాడు వైపు వెళ్లిన ఆదివారాల్లో ఎర్రునాయుడు ఉన్న ఊరికి మాత్రం పరదేశి ఒక్కడే వెళ్లొచ్చాడు. అక్కడ పేర్లు చదువుతుంటే ఎర్రునాయుడు జనం వెనక నిలబడి చివరిదాకా విన్నాడట. పరీక్షకి వేలు చాపలేదు, ఏమీ అనలేదు. ఆ సంగతి పరదేశి చెబితే ఏమైనా అన్నాడా అని సఫూరా రెండుసార్లు అడిగింది. లేదన్నాడు పరదేశి.